మావయ్య వేలికి పట్టిన వలయం

నా చిన్నప్పుడు మస్కట్ నుంచి సెలవుకొచ్చిన మా మావయ్య వేళ్లకి ఎన్ని ఉంగరాలుండేవంటే, ఆయన చెయ్యి ఊపితే అమలాపురం బస్టాండులో కాకులన్నీ లేచిపోయేవి. పైగా ఆయనకి లోకంలో గుండ్రంగా ఉన్నదల్లా రింగే. పొగ వదిలితే రింగు, ఫోను మోగినా రింగు, చివరికి గారె మధ్యనున్న కన్నం కూడా రింగే.

మా పెదనాన్నగారు కాలేజీలో లెక్కల లెక్చరరు. తోటి మనుషుల్ని ఈసడించుకోకపోతే ఆయనకి అన్నం అరిగేది కాదు.

"మా లెక్కల్లో రింగంటే వలయమయ్యా, అంకెల గుంపు! లోపలి అంకెల్ని కూడినా, తీసేసినా, హెచ్చవేసినా జవాబు లోపలే ఉంటుంది. హెచ్చవేసి ఎక్కినవాడు భాగించి దిగగలడన్న హామీ మాత్రం లేదు. నీకెందుకులే ఇవన్నీ."

"ఆయ్, అలాగేనండి బావగారూ," అనేవాడు మావయ్య, ఉంగరాలు తుడుచుకుంటూ.

మా అక్క తాంబూలాల రోజు వచ్చింది. పెళ్లికొడుక్కి పెట్టాల్సిన ఉంగరం బరువు చూద్దామని మావయ్య తన వేలికే తొడుక్కున్నాడు. ఎక్కింది. దిగలేదు. వేలు చూస్తుండగానే చక్కెరకేళీ పండంత అయింది. కొబ్బరినూనె పోశారు, సబ్బు రుద్దారు. ఇంకాస్త రుద్దితే మావయ్యే జారి వీధి కాలవలో పడేవాడు. ఈలోగా రాజోలు నుంచి బయల్దేరిన మగపెళ్లివారు గన్నవరం అక్విడెక్టు వంతెన దాటేశారని కబురు. కంసాలిని పిలిచి కోయిద్దామంటే, శుభమా అని తాంబూలాలనాడే ఉంగరం తెంపుతారా అని మా నాయనమ్మ శోకాలు మొదలెట్టింది. మా అక్క పట్టుచీరలో బొమ్మలా బిగుసుకుపోయింది.

పెదనాన్నగారు "వెధవ వేలూ, వెధవ సరదానూ" అని తిడుతూ వచ్చి, పూలు కట్టే దారం తెమ్మన్నారు. ఒక కొసని ఉంగరం కిందుగా మణికట్టు వైపుకి దూర్చి, మిగతా దారాన్ని కణుపు దాటేదాకా వేలికి బిగించి చుట్టారు. దూర్చిన కొస పట్టుకుని విప్పుతూ ఉంటే, ఉంగరం ఒక్కొక్క చుట్టే ఎక్కి, బుద్ధిమంతుడిలా బయటికి వచ్చేసింది. వీధిలో కారు ఆగింది. అక్క ఊపిరి పీల్చుకుంది.

"చూసేవా? బుర్రంటూ ఉండాలి," అన్నారు పెదనాన్నగారు, గెడ్డం కొబ్బరిచెట్టు ఎత్తుకి లేపి.

వంటింటి గుమ్మంలోంచి పెద్దమ్మ నెమ్మదిగా అంది: "బుర్ర మా అమ్మదిలెండి. కొత్తల్లుడిగా వచ్చినప్పుడు మా నాన్నగారి ఉంగరం ముచ్చటపడి పెట్టుకుని, ఊడక, చేతికి తువ్వాలు చుట్టుకుని తిరిగేరు కదా! ఈ దారం విద్య అప్పుడు మా అమ్మ చూపించిందే."

పెదనాన్నగారి గెడ్డం దిగిపోయింది. మగపెళ్లివారికి ఎదురెళ్లాలన్న వంకతో ఆయన వీధిలోకి నడిచారు. మావయ్య మాత్రం ఆయన వెనకే నడుస్తూ, ఎప్పటి మర్యాదతోనే, "ఆయ్, వలయమేనండి బావగారూ," అన్నాడు.

ఆ వలయాల లెక్క నాకు ఇవాళ్టికీ పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఎవరైనా ఇంకొకరి తెలివితక్కువతనాన్ని మరీ వివరంగా, మరీ అనుభవజ్ఞుడిలా వెక్కిరిస్తుంటే, నేను వాళ్ల మొహం చూడను. ముందు వేలి కణుపు చూస్తాను.