కంప్యూటర్ తెరమీద నా పేరు

పొద్దున ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేయగానే తెరమీద మా ఆయన పేరు కింద నా పేరు కనిపించింది. వెంటనే ధర్మసాగర్‌లో అమ్మవాళ్లింటి స్టీలు కంచాలు గుర్తొచ్చాయి.

మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించిన కంచాలు? బూడిదతో తోముతుంటే ఆ అక్షరాలు వేళ్లకు గరుకుగా తగిలేవి. ఒకదాని మీద నాన్న పేరు, ఇంకోదాని మీద అన్న పేరు. నాదేదని అడిగితే నానమ్మ నవ్వేది.

"నీకెందుకే? అత్తగారింట్ల కొట్టిచ్చుకో, పో!"

మొన్న నేను జాకెట్ల కోసం కంప్యూటర్‌లో దాచుకున్న మగ్గం డిజైన్లన్నీ, ఏవో బొమ్మలనుకొని మా ఆయన తీసేశారు. చాలా ఏడుపొచ్చింది. ఎప్పుడూ ఏదీ అడగని నేను, "నాకు వేరే అకౌంట్ గావాలె" అన్నాను.

"మొగడు పెండ్లాలకు వేరువేరు తాళాలానే?" అన్నారాయన.

"మీరు జర జరుగుండ్రి, నేనే జేస్త."

సెట్టింగ్స్‌లో వెతికి వెతికి, నా పేరు తెలుగులోనే కొట్టి, పాస్‌వర్డ్ పెట్టుకున్నాను.

ఇవాళ ఆయన మెల్లగా అడిగారు: "పాస్‌వర్డ్ ఏందే?"

"మీ పేరైతే కాదు."

వెనక నిలబడి వింటున్న అత్తమ్మ పగలబడి నవ్వింది. కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చుంది.

"బిడ్డా, నా పేరు గూడ ఎక్కియ్యి. వానికి మాత్రం పాస్‌వర్డ్ చెప్పకు."