నేను అతికించిన తోక

2023 మే నెల. విజయనగరంలో నా కారు యాక్సెసరీస్ షాపుకి అప్పటికి పద్దెనిమిదేళ్లు. సీటు కవర్లు, మ్యాట్లు, హారన్లు, వెనక కెమెరాలు, కారు కొన్న మర్నాడు మనిషికి ఏమేం కావాలనిపిస్తుందో అవన్నీ నా దగ్గర ఉంటాయి. వాటిలో సగం కారుకి అక్కర్లేనివే. అమ్ముకునేవాణ్ణి నేనే ఆ మాట అనకూడదు గానీ, ఈ వయసులో దాచి ఏం చేస్తాను.

సైకిల్ ర్యాక్ కావాలని వచ్చినవాళ్లు ఆ పద్దెనిమిదేళ్లలో నలుగురో అయిదుగురో. మా వైపు సైకిల్ మీద సామాను కడతారు. సైకిల్‌నే సామానుగా కారుకి కట్టడం ఇంకా కొత్త. మొదటిసారి ఒకాయన అడిగినప్పుడు మా ఫిట్టర్ సింహాచలం, "సైకిలుంటే తొక్కుకుని పోవాలి గానీ దాన్ని కారెక్కించడమేటండీ" అని పొద్దంతా నవ్వుకున్నాడు.

ఆ రోజు పదకొండు గంటలవేళ ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఒకటి వచ్చి షాపు ముందు ఆగింది. హ్యాచ్‌బ్యాక్ అంటే వెనక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేచే చిన్న కారు. అందులోంచి దిగినాయన పేరు దానయ్య. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. ఇరవయ్యేళ్లు వేటకి వెళ్లి, ఇప్పుడు పడవల దగ్గర చేపలు కొని ఐసు పెట్టెల్లో బయటికి పంపే వ్యాపారం చేస్తున్నాడు. వెంట కూతురు నూకరత్నం ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్ల, ఇక్కడే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ సైకిల్ రేసులకి తయారవుతోంది.

"కారెనక రెండు సైకిళ్లు కట్టాలి బాబూ. ఏది బాగుంటాదో మీరే సూసి సెప్పండి. ఎల్లుండి తెల్లారి బయల్దేరిపోవాలి" అన్నాడు దానయ్య.

అనంతపురంలో రాష్ట్ర జూనియర్ జట్టుకి ఎంపిక జరుగుతోందట. దానయ్య, అతని భార్య, రత్నం, రత్నంతో పాటు తొక్కే ఇంకో అమ్మాయి, నలుగురు కారులో వెళతారు. ఇవాళ ఇద్దరే కాబట్టి సైకిళ్లు రెండూ చక్రాలు విప్పి లోపల వేసుకొచ్చారు, నలుగురైతే మనుషులకే చోటుండదు. కిందటేడు బస్సు టాపు మీద వేసి తీసుకెళ్లారు. దింపేసరికి డిరైలర్ వంగిపోయింది. గొలుసుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపే చిన్న భాగం అది. అది వంగితే గేరు పడదు. మొదటి ఎత్తు దగ్గరే రత్నం వెనకబడిపోయింది.

"పోయినేడు నేను ఓడిపోలేదంకుల్. సైకిలు ఓడిపోనాది" అంది ఆ పిల్ల. "ఈసారి ఓడితే నేనే ఓడాలి. వచ్చే ఏడు నా వయసు దాటిపోతాది, ఇందులో ఆడనివ్వరు."

ఆ మాట నాకు నచ్చింది. పిల్ల గెలిపించమని అడగటం లేదు, సైకిల్‌ని చెక్కుచెదరకుండా అక్కడిదాకా చేర్చమంటోంది. అది మా పనే కదా అనుకుంటూ కారు వెనక్కి వెళ్లాను. వెళ్లి ఆగిపోయాను.

తలుపు పైఅంచున నల్లటి స్పాయిలర్ ఉంది. వేగంగా పోయే కార్లకి గాలి ఒత్తిడి సర్దడానికి పెట్టే రెక్క అది. మన ఊరి రోడ్ల మీద తిరిగే చిన్న కార్లకి అందం కోసమే పెట్టించుకుంటారు. సింహాచలం దాన్ని తోక అంటాడు. ఈ తోక ఈ కారు కోసం చేసింది కాదు. కాస్త పెద్దది. ఎడమ మూల ఆకురాయితో అరగదీసి, బొటనవేలంత మేర లప్పం పెట్టి రంగు వేసి ఉంది. ఆ మూల అరగదీసింది నేనే.

2019లో రాజాం నుంచి ఒక కాలేజీ మాష్టారు కొత్త కారు తెచ్చి అది పెట్టమన్నాడు. స్పాయిలర్‌ని బోల్టులతో బిగించాలి. బోల్టుకి కన్నం కావాలి. కొత్త కారుకి కన్నం పెట్టనివ్వనన్నాడాయన. "అందానికే కదండీ, అతికించేయండి" అన్నాడు. నేనూ సరే అని డబుల్ టేపుతో అతికించేశాను. రెండు వైపులా జిగురుండే బలమైన టేపు అది, కంపెనీ పేర్లూ బొమ్మలూ దాంతోనే నిలబడతాయి. ఆ కారు చేతులు మారి దానయ్య దగ్గరికి వచ్చింది. టేపు సంగతి మాత్రం కారుతో పాటు చేతులు మారలేదు.

మా షాపులో అప్పుడున్నది స్ట్రాప్ ర్యాక్ ఒక్కటే. ఇనప గొట్టాల చట్రం, దానికి ఆరు పట్టీలు, పట్టీల చివర కొక్కేలు. పై కొక్కేలు తలుపు పైఅంచుకి తగిలించాలి. అక్కడ స్పాయిలర్ ఉంటే బరువంతా దాని మీద పడుతుంది. బోల్టులున్న స్పాయిలర్ మీద కూడా అలా వేయకూడదు, పగులుతుంది. టేపు మీదున్నదైతే పగలడంతో ఆగదు, ర్యాకుతోనూ సైకిళ్లతోనూ కలిసి రోడ్డు మీద పడుతుంది. ఇంకోటి రూఫ్ ర్యాక్, తలుపుల చట్రానికి బిగించి కారు నెత్తిన పెట్టేది. ఈ కారుకి అదే మేలు, కానీ తెప్పించాలంటే నాలుగు రోజులు పడుతుంది.

అంతా చెప్పాను. టేపు మాట తప్ప.

దానయ్య వెనక్కి వచ్చి స్పాయిలర్‌ని రెండు చేతులా పట్టుకుని గుంజాడు. కారు ఊగింది గానీ అది కదల్లేదు. "సూసేరా, లంగరు రాయిలాగ ఉన్నాది. దీనికెందుకు కట్టకూడదు?"

"కట్టకూడదన్నా. ర్యాక్ చేసినవాళ్లే వద్దంటారు."

"నాలుగు రోజులాగితే రేసు అయిపోతాది బాబూ."

 అతను నా వైపు చూసి, "సరే, ఆ ఎదరోల్లనడుగుతాను" అని కారెక్కాడు. రత్నం నా వైపు ఒకసారి చూసింది. రోడ్డుకి అవతల, నాలుగు షాపుల కింద శీను షాపు ఉంది, అతనిదీ నాలాంటి వ్యాపారమే. ఎర్ర కారు అక్కడ ఆగడం నాకు కనిపిస్తూనే ఉంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. సింహాచలం స్పానర్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆ తోక మనదే కదా బాబూ. ఆ మూల లప్పం నానే ఎట్టేను."

"మనదే."

"మరి సెప్పలేదేటి?"

"కట్టొద్దని చెప్పాను కదా."

"కట్టొద్దంటే వర్తకుడి మాటనుకుంటారు. టేపు మీదున్నాదంటే ఇంటారు" అని వెళ్లి తన పని చూసుకున్నాడు.

నిజం చెప్పాలంటే నాకు పరువు అడ్డొచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో నా బిగింపుకి పేరుంది. పైన పటారం లోన లొటారం అన్నట్టు, అంత పేరున్నవాడి పని టేపు మీద నిలబడిందని శీను షాపు ముందు ఎలా చెప్పుకోను? ఆ కారు ఇప్పుడు నా గిరాకీ కాదు, ఆ ర్యాకు నేను అమ్మింది కాదు అని కూడా అనుకున్నాను. అలా అనుకుంటూనే టేపు గుణం గుర్తొచ్చింది. ఒక్కసారి గుంజితే అది రాదు. రోజంతా ఎండలో కాగుతూ, బరువు మెల్లగా లాగుతుంటే జారుతుంది. అంటే అది ఊడేది ఇక్కడ కాదు, మధ్యాహ్నం వేళ పెద్ద రోడ్డు మీద. వెనక ఏ స్కూటరు మీదో పిల్లనెక్కించుకుని ఎవరో వస్తుంటారు.  లేచి రోడ్డు దాటాను.

అప్పటికే ర్యాకు కొక్కేలు స్పాయిలర్‌కి తగిలించి, ఒక సైకిల్ వేలాడదీశారు. శీను నన్ను చూసి నవ్వాడు. "ఏటి బావా, నా బేరం సూడ్డానికొచ్చేవా?"

 నేను నేరుగా దానయ్యతో అన్నాను. "అన్నా, సైకిల్ దించండి. ఆ స్పాయిలర్ నాలుగేళ్ల కిందట నేనే అతికించాను. దానికి బోల్టుల్లేవు. ఉత్త టేపు."

శీను నవ్వు ఆగిపోయింది. దానయ్య నా వైపు తిరిగాడు.

"ఇందాకే తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసే ఒగ్గీసేరా?"

"అవునన్నా. తప్పయింది. సిగ్గుపడి చెప్పలేదు."

అతను అరవలేదు. అరిస్తే నాకు కాస్త తేలికయ్యేది. రత్నం తన సైకిల్‌ని తనే దించుకుని గోడకి ఆనించింది. అప్పుడు దానయ్య అన్నాడు.

"మా ఒడ్డున పడవమ్మినోడు సిల్లుంటే సిల్లున్నాదని సెప్పే అమ్ముతాడు బాబూ. సెప్పకుండా అమ్మినోడితో మరెవుడూ వేటకెల్లడు."

నేను తల దించుకుని నిలబడ్డాను. 

"అదలగుంచండి. ఇప్పుడేటి సేస్తారు? పిల్లకి ఎల్లుండి పయనం" అన్నాడు.

అప్పుడే నాకు బుర్ర పనిచేసింది. ఈ కారు కష్టమంతా ఆ తోక. అది పోతే కింద తలుపు అంచు ఉక్కు రేకు, ర్యాకు కొక్కెం దానికి పక్కాగా పడుతుంది. బోల్టులతో బిగించి ఉంటే తీశాక కన్నాలు మిగిలేవి, వాన నీళ్లు దిగేవి. టేపు కాబట్టి కారుకి గీత పడకుండా తీసేయొచ్చు. అడిగాను. రత్నం తండ్రి కంటే ముందే, "తీసేయండంకుల్, దాంతో నాకు పనేటి?" అంది.

టేపుని కత్తితో కోస్తే రంగు పోతుంది. హీట్ గన్‌తో, అంటే వేడి గాలి ఊదే మెషీన్‌తో, వెచ్చచేసి సన్నటి నైలాన్ దారం సందులో దూర్చి రంపంలా అటూ ఇటూ లాగాలి. మా షాపులో దారం అయిపోయింది. ఆ సంగతి చెబితే దానయ్య కారు ముందు అర తెరిచి గాలం దారం చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు. వేట మానేసి అన్నేళ్లయినా అది లేకుండా ఇల్లు కదలడట.

సింహాచలం హీట్ గన్ తెచ్చాడు. నేను వేడి పెడుతుంటే దారం ఒక కొస దానయ్య, ఇంకో కొస రత్నం అరచేతులకి గుడ్డ చుట్టుకుని లాగారు. నేను లాగబోతే దానయ్య, "మీరుండండి, చెయ్యి తెగిపోతాది" అన్నాడు. కుడి వైపు దారం కష్టంగా కోసుకుంటూ వచ్చింది. సగం దాటాక ఒక్కసారిగా వదులైపోయింది. ఎడమ వైపు అసలు అడ్డే తగల్లేదు.

తోక ఊడి నా చేతుల్లోకి వచ్చింది. తిప్పి చూస్తే ఎడమ సగం టేపు ఎండి, దుమ్ము పట్టి, ఎప్పుడో పట్టు వదిలేసి ఉంది. కారు మీద పసుపు పెన్సిల్‌తో నేను పెట్టుకున్న గుర్తులు నాలుగూ అలాగే ఉన్నాయి. పొద్దున దానయ్య గుంజినప్పుడు దాన్ని ఆపింది కుడి సగమే. అయిదుగురం చూశాం.  శీను లోపలికి వెళ్లి మా అందరికీ మంచినీళ్లు తెచ్చాడు.

తర్వాత పని సాఫీగా జరిగింది. ర్యాకు శీనుది, బిగించింది నేను. కొక్కేల కింద రబ్బరు ముక్కలు, ర్యాకు కాళ్ల కింద మెత్త, సైకిళ్లు ఒకదానికొకటి తగలకుండా మధ్య గుడ్డ. డిరైలర్ ఉన్న వైపు ఏదీ తాకకుండా రెండో సైకిల్‌ని తిరగేసి పెట్టాను. నంబరు ప్లేటు, ఎర్ర దీపాలు మూసుకుపోకూడదని చక్రాలు పైకి జరిపాను. మొదట యాభై కిలోమీటర్లకోసారి దిగి పట్టీలు బిగించమని చెప్పాను. సర్దుకున్న కొద్దీ అవి వదులవుతాయి.

దానయ్య అన్నీ విని, తన తాడొకటి తీసి ర్యాకుని కారు కిందున్న టోయింగ్ కొక్కేనికి కలిపి ముడి వేశాడు. కారు చెడిపోతే లాక్కెళ్లడానికి చట్రానికే అతికి ఉండే కొక్కెం అది. ముడి వేసే ముందు వంగి, ఆ కొక్కెం ఎక్కడ పుట్టిందో వేళ్లతో తడిమి చూశాడు. "తాడు తెగి పోయిన పడవలు తక్కువ బాబూ. కట్టిన మేకు ఊడి పోయినవే ఎక్కువ" అన్నాడు. నన్ను పొడవడానికి అన్నది కాదు, ముడి వేస్తూ మామూలుగా అన్నాడు. అయినా గుచ్చుకుంది.

వాళ్లు వెళ్లిన అయిదో రోజు ఫోను వచ్చింది. రత్నం.

"సైకిలుకి ఒక్క గీత పడలేదంకుల్. గేర్లన్నీ బాగా పడ్డాయి. ఆరుగుర్ని తీసుకున్నారు, నేను తొమ్మిదో దాన్ని."

 "అయ్యో" అన్నాను.

"నా కాళ్లే సాల్లేదు. ఈసారి నేనే ఓడిపోనాను" అంది. గొంతులో బాధ ఉంది, ఏడుపు లేదు. పోయినేడు తిరిగొచ్చి మూడు రోజులు అన్నం తినలేదని, ఇప్పుడు దారి పొడుగునా తింటూనే ఉందని వెనకనుంచి తండ్రి అంటున్నాడు. నేను ఫోను పెట్టేశాను. ఇంకో గంట కుర్చీలో బిగుసుకుని ఉంటే ఆ పిల్ల ఓటమి కూడా నా టేపు ఖాతాలో పడేది. అంతకంటే పెద్దదేదో కూడా పడేది.

అందానికి అతికించినదాన్ని రేపు ఎవరో బలమనుకుని పట్టుకుంటారు. ఈ సంగతి నాకు పద్దెనిమిదేళ్ల తర్వాత తెలిసింది. ఇప్పుడు టేపు మీద నిలబెట్టే పని ఏది చేసినా తలుపు లోపలి వైపు చిన్న కాగితం అంటిస్తున్నాను. "టేపు మాత్రమే, బోల్టు లేదు" అని, కింద తేదీ, నా పేరు. కొందరు గిరాకీలకి అది నచ్చదు, తీసేయమంటారు. తీయను.

దానయ్య కారు పని ఏదున్నా ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. ఎందుకొస్తాడో నేను అడగలేదు. పని పూర్తయ్యాక తాళం చేతిలోకి తీసుకుని, ఎక్కే ముందు ప్రతిసారీ ఒకే మాట అడుగుతాడు.

"సెప్పాల్సిందేటైనా మిగిలిపోనాదా బాబూ?"

మిగిలి ఉంటే చెబుతాను.