పదేళ్లు నిండాలని వదిలేసిన చైను

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. ముఖం తెలియని మీకైతే చెప్పగలననిపించింది. కాస్త ఓపిక పట్టండి.

వన్ టౌన్‌లో నాది సైకిల్ రిపేరు షాపు. సముద్రపు గాలికి ఇక్కడ చైను రెండు మూడేళ్లుంటే గొప్ప. అలాంటిది, చేపలమ్ముకునే అప్పలరాజు సైకిల్‌కి నేను వేసిన చైను తొమ్మిదేళ్లు నడిచింది! రోజూ తెల్లారేసరికి హార్బర్‌లో చేపలు ఎత్తుకుని, వెనక బుట్టలోంచి ఉప్పునీళ్లు కారుతుండగా కంచరపాలెం మెట్ట ఎత్తంతా తొక్కుకుంటూ ఎక్కేవాడు. ఇంటికెళ్లి తాను స్నానం చేసే ముందు చైనుకి స్నానం చేయించేవాడు. మంచినీళ్లు పోసి, పాత లుంగీ గుడ్డతో లింకు లింకూ తుడిచి, నూనె పెట్టి. నిజానికి ఆ తొమ్మిదేళ్లు అతని చేతి చలవే. కానీ హార్బరంతా నా పేరే చెప్పాడు. "మా బావ సెయ్యి పడితే సైను సావదు" అని నాతో వరస కలిపి చెప్పేవాడు. జనం నా షాపు వెతుక్కుంటూ వచ్చేవారు. నేనూ కాదనలేదు. అబ్బో, ఎంత పొంగిపోయానో!

చైను ఒక్కసారిగా పాడవదండీ. లోపలి పిన్నులు అరిగి కొంచెం కొంచెంగా సాగుతుంది. సాగిన చైను వెనక చక్రానికుండే ఫ్రీవీలు పళ్లను కూడా తినేస్తుంది. అప్పుడు అన్నీ కలిపి మార్చాలి. మా పనిలో ఒక అడ్డదారుంది. వదులైన చైనులోంచి ఒక లింకు తీసి బిగించేస్తే పైకి కొత్తదానిలా ఉంటుంది. అరుగుదల మాత్రం ఎక్కడికీ పోదు. అప్పలరాజు చైనుకి ఆ పని రెండుసార్లు చేశాను. మూడోసారి తెచ్చినప్పుడు ఫ్రీవీలు పళ్లు కొక్కేల్లా అరిగి ఉన్నాయి. వేలితో తడిమి మరీ చూశాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

"మార్సీమంటావేటి బావా?" అన్నాడు.

"దీనికేటైందని? ఇంకో ఏడు లాగుతాది. పదేల్లు నిండనీ."

"నువ్వు సెప్పేవంటే మరి సూసుకోనక్కర్నేదు" అని ఎక్కి వెళ్లిపోయాడు.

డబ్బు కోసమైతే కొత్త సామాన్లే అమ్మేవాణ్ణి కదా? మరెందుకు? పదేళ్లు నడిచే చైను వేసినవాడు ఊళ్లో నేనొక్కణ్ణే అనిపించుకోవాలని. ఛీ, రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

వారం తిరగలేదు. మెట్ట మీద లేచి నిలబడి తొక్కుతుంటే చైను పళ్ల మీంచి జారింది. బుట్టతో సహా పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. ఆ కాలు మళ్లీ పూర్తిగా వంగలేదు.

చెప్పేద్దామనే ఆస్పత్రికి వెళ్లాను. నన్ను చూడగానే పక్క మంచాలవాళ్లకు చూపించి, "ఈయనే మా బావ. సైను తెగనేదు సూడండి! నానే ఆవేల బరువెక్కువేసీసేను" అన్నాడు. తెచ్చిన బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను.

తర్వాత సైకిల్‌కి అన్నీ కొత్తవి వేసిచ్చాను. ఇప్పుడు వంగని కాలు పక్కకి చాపి, ఒంటికాలితో తొక్కుతూ మా షాపు ముందు నుంచే వెళ్తాడు. మెట్ట దగ్గర దిగి, కుంటుకుంటూ తోసుకుపోతాడు. ఏం మనిషండీ! నేను పని ఆపి, కనుమరుగయ్యేదాకా నిలబడిపోతాను. ఎంత గట్టి ఇనుమైనా అరగడం చూశాను. అతని నమ్మకం ఎందుకు అరగదో నాకు అంతుపట్టదు. నిన్న కూడా ఒకాయన్ని నా దగ్గరికే పంపాడు.

అతనికి చెబుతానా? ఏమో. చెప్పినా నవ్వేసి నన్నే వెనకేసుకొస్తాడు. అది తట్టుకోలేను. అందుకే మీకు చెబుతున్నాను. అప్పలరాజు పడింది బరువెక్కువై కాదు. పళ్లు అరిగాయని తెలిసీ నేనే అతన్ని ఆ మెట్ట మీదికి పంపించాను.

హమ్మయ్య. రాసేశాను.