బావగారి సూర్యోదయాలు

పుర్రెకో బుద్ధి అంటారు. మా బావ పుర్రెకి మాత్రం నవలకో బుద్ధి. సైన్స్ ఫిక్షన్ రచయిత కదా, ఏ గ్రహం మీద నవల రాస్తుంటే ఆ గ్రహం గడియారం ప్రకారమే బతుకుతాడు. అక్కడ తెల్లవారితేనే పళ్ళు తోముకుంటాడు. అక్కడ పొద్దుగూకితేనే పడుకుంటాడు. భూమి మీద ఏ వేళయినా ఆయనకి అనవసరం.

రెండో నవల రాసేటప్పుడు ఆ గ్రహం మీద ఒక పగలంటే మనకి రెండు రోజులు. కంటి మీద కునుకు లేకుండా రాసీ రాసీ, మొదటి పుస్తకం ఆవిష్కరణ సభలో వేదిక మీదే గుర్రు పెట్టాడు. "రచయితగారు భవిష్యత్తులోకి చూస్తున్నారు," అని అధ్యక్షుడు మైకులో సర్దిచెప్పాడు.

ఇంకో నవలలో అసలు సూర్యుడే లేడు. మా అక్క కిటికీలకి దుప్పట్లు కట్టి, టార్చిలైటు వెలుగులో వంట చేసింది.

"ఈసారైనా కాస్త ఎండున్న గ్రహం చూడండి. బట్టలు ఆరి చావడం లేదు," అంది.

"చూస్తాను. అంతా నా చేతుల్లో ఉందా ఏమిటి?" అన్నాడు బావ.

ఇంత చేసినా పేరు రాలేదు. పుస్తకాలు అటకెక్కాయి, జుట్టు నెరిసింది. అలాంటి ఇంటికి మా నాన్న వచ్చి చేరాడు.

నాన్న స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడు. నిమిషాలు లెక్కపెట్టుకుంటూ బతికిన మనిషికి ముసలితనంలో పొద్దే తెలియకుండా పోయింది. సాయంత్రం కునుకు తీసి లేచి, తెల్లవారిందనుకుని స్నానం చేసి డ్యూటీకి బయల్దేరేవాడు. "నాన్నా, ఇది సాయంత్రం," అని అక్క అనగానే మొహం చిన్నబోయేది. గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. ఇక అన్నం ముట్టేవాడు కాదు. చూస్తుండగానే చిక్కి సగమయ్యాడు. ఆ సిగ్గుతోనే మనిషి పోతాడేమోనని మా అందరికీ బెంగ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే బావ వారపత్రికలో కొత్త సీరియల్ మొదలుపెట్టాడు. ఈ గ్రహం మరీ అన్యాయం. పొద్దు ఒకరోజు మధ్యాహ్నం పొడుస్తుంది, ఇంకోరోజు సాయంత్రం. పాఠకులు దుమ్మెత్తిపోశారు. ఎడిటర్ ఇంటికే వచ్చాడు.

"సూర్యుడికైనా ఓ పద్ధతి ఉండాలి కదండీ. ఏదో ఒక టైము పెట్టేయండి, చాలు."

"కుదరదండి."

"అయితే సీరియల్ ఆపేయాల్సి వస్తుంది."

"ఆపేయండి."

ఎడిటర్ ఆపేశాడు. బావ రాసింది వేసే ఒక్క పత్రికా పోయింది. అయినా బావ ఆ గ్రహాన్ని వదల్లేదు. నాకు ఒళ్ళు మండి, నాలుగు చీవాట్లు పెడదామని ఓ సాయంత్రం వెళ్ళాను.

బావ వరండాలో కూర్చుని రాసిందంతా కొట్టేసుకుంటున్నాడు. ఇంతలో లోపల నాన్న మంచం కిర్రుమంది. అంతే, కాగితాలు పక్కన పడేసి, బ్రష్ నోట్లో పెట్టుకుని, గుమ్మంలోకి పరిగెత్తాడు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

"మీరూ ఇప్పుడే లేచారా మామయ్యగారూ? నాకూ ఇప్పుడే తెల్లారింది," అన్నాడు బావ, నోటి నిండా నురగతో.

అక్క ఇద్దరికీ టిఫిన్ పెట్టింది. నాన్న రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు. ఆ గ్రహం ఎవరి కోసమో నాకు అప్పటికి బోధపడింది. చీవాట్ల సంగతే మరిచిపోయాను. బావ మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

బావ చెయ్యి కడుక్కోవడానికి లేవగానే నాన్న నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"మీ బావని ఏమీ అనకురా. పాపం, అతనికి రాత్రీ పగలూ తెలియడం లేదు. సాయంత్రం పూట పళ్ళు తోముకుంటున్నాడు. ఒక్కడే అయితే సిగ్గుపడతాడని, నేను కూడా లేచి తోడు కూర్చుంటున్నాను."