మోటరుకు మేత

మా అత్తగారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి, నడుము వాల్చుతానని పడుకున్నవారు మళ్లీ లేవలేదు. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా ఆయన అన్నారు. నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. పదిమందిలో నోరు విప్పడం నాకు రాదు. ఇన్నాళ్లూ నా తరఫున నోరు విప్పింది ఆమే కనుక, ఆమె మాట నేనే చెప్పాలి.

వరంగల్ బజారులో మాది బియ్యం దుకాణం. మామగారు ముచ్చటపడి ఒక మోటరు కారు కొన్నారు. ఆయన పోయారు, మోటరు మిగిలింది. జర్మనీ లడాయి మొదలయ్యాక దాన్ని పోషించడం ఇంకో సంసారాన్ని పోషించినట్టయింది. పెట్రోలు చీటీల మీద కొలిచి ఇచ్చేవారు. టైర్లు దొరికేవి కావు. దొరికినచోట ధర చెప్పేవాడు మొహం పక్కకు తిప్పుకుని చెప్పేవాడు. దానిమీద డ్రైవరు జీతం, సర్కారు పన్ను, ఊరికే నిలబెట్టినా చచ్చిపోయే బ్యాటరీ. "ఖర్చు, ఖర్చు" అని మా ఆయన నెలనెలా తల పట్టుకునేవారు. అత్తగారికి ఆ మాట గిట్టేది కాదు.

"ఖర్చు అనకురా, మేత అను. ఖర్చంటె పోయినట్టు. మేతంటె మనింట్లనే ఉన్నట్టు."

ఆమె మరిపెడ పక్క పల్లెలో, పశువుల మధ్య పెరిగారు. మోటరు ఆమెకు ఇంకో గొడ్డు. పొద్దున్నే పోయి దాని ముందు భాగం నిమిరి, "దీనికి మేత ఏసినవా?" అని డ్రైవరును అడిగేవారు. ఒకసారి అది చప్పుడు చేస్తోందని, బండి ఇరుసుకు పూసినట్టే ఇంజనులో ఆముదం పోయించారు. ఎన్ని రోజులో బజారంతా అదే కంపు.

"ఏం సావుకారమ్మా, మోటరుకు కడుపునొస్తె ఆముదం తాపినవా?" అని పక్క దుకాణమాయన ఎగతాళి చేశాడు.

"ఔ, సాఫయ్యింది. నీకు గూడ జర పొయ్యమంటవా?" అన్నారు.

నా పెళ్లయిన మరుసటేడు నర్సంపేటలో మా అమ్మకు పక్షవాతం వచ్చింది. మాటా, కుడిచెయ్యీ పడిపోయాయి. నేను తప్ప ఆమెకు ఎవరూ లేరు. పక్కింటివాళ్లు ఇంత అన్నం పెట్టి చూస్తున్నారు. పోవాలని నా ప్రాణం కొట్టుకునేది, అడగడానికి నోరు వచ్చేది కాదు. ఒకనాడు గిన్నెలు తోముతున్న నావైపు చూసి, అత్తగారు కొడుకును గట్టిగా పిలిచారు.

"మోటరు నిలవడి నిలవడి దాని కీళ్లు పట్టుకుంటున్నయిరా. నర్సంపేట దాక తిప్పి తీస్కరమ్మను. పిల్లను గూడ కూసోవెట్టు, బరువుంటె మంచిగ నడుస్తది."

"అమ్మా, అది ఎద్దు కాదే! నెల పెట్రోలంత ఒక్క తిప్పుకే ఒడుస్తది."

"కాకుంటె కాకపాయె. తిప్పమన్న గద!"

అప్పటినుంచి నెలకోసారి మోటరుకు కీళ్లు పట్టుకునేవి. ఆమె మాత్రం దాన్ని ఎక్కడం మానేశారు. మోకాళ్ల నొప్పులతో దవాఖానకు ఎడ్లబండిలోనే పోయేవారు. "మోటర్ల కూసుంటె నాకు కడుపుల తిప్పుతది బిడ్డా" అనేవారు. చాలాకాలం నేనది నమ్మాను.

లడాయి చివరి రోజుల్లో వెనక టైరు పగిలింది. కొత్తది దొరకలేదు. వర్ధన్నపేట నుంచి ఒకాయన, ఎట్లా ఉన్నా సరే కొంటానని వచ్చాడు. అమ్మేస్తానన్నారు మా ఆయన. వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. మోటరు పోతే నాకు మా అమ్మ పోయినట్టే. అత్తగారు తలుపు వైపు ఒకసారి చూశారు.

"అమ్ముదువు గని," అన్నారు. "టైరుకు అతుకేయించి ఒక్కసారి నర్సంపేట పోయి వదినెను తీస్కరా. పోవుడు అచ్చుడు తప్పుతది. మేత గూడ మిగులుతది."

బిడ్డ అత్తింట్లో తల్లి మంచినీళ్లయినా ముట్టని ఆచారం మాది. మా ఆయన తెల్లబోయారు. "బిడ్డ ఇంట్ల తల్లి ఉంటదా? నలుగురు ఏమంటరే?"

"బిడ్డ ఇంట్ల ఎవలు ఉండమన్నరు? నా ఇంట్ల ఉంటది. నాకు వదినె!"

అమ్మను మోటరులోంచి ఎత్తుకుని దించింది మా ఆయనే. మర్నాడు కొన్నాయన వచ్చి మోటరు తీసుకుపోతుంటే, అత్తగారు దాని ముందు పసుపు రాసి సాగనంపారు. ఆ సాయంత్రమే వసారాలో రెండు మంచాలు పక్కపక్కన వేయించారు. రోజంతా ఆమె చెప్పేవారు, అమ్మ ఎడమచేత్తో అవుననో కాదనో సైగ చేసేది. ఒక్కోసారి ఇద్దరూ నవ్వుతూ ఉండేవారు. ఎందుకో నాకు చెప్పేవారు కాదు.

పోయినవారి మంచం ఉంచకూడదన్నారు. తీయబోతే అమ్మ ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. రోజూ పొద్దున నేను వసారాలోకి వచ్చేసరికి, అమ్మ పక్కకు వంగి, ఆ ఖాళీ మంచం మీది దుప్పటి ముడతలను ఒంటిచేత్తో మెల్లగా సవరిస్తూ ఉంటుంది.