లీమాలో రోసా

టెక్సస్‌లోని ఇర్వింగ్ ఊళ్లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో కృష్ణవేణి పదిహేడేళ్లుగా రక్తం తీసే పని చేస్తోంది. చామనఛాయ, గుండ్రటి ముఖం. చాలామంది పేషెంట్లు ఆమెను మెక్సికో మనిషే అనుకుని స్పానిష్‌లో మాట్లాడేవారు. కాదని చెప్పీ చెప్పీ విసిగి, చివరికి ఆ భాషే నేర్చేసుకుంది. ఆ ధైర్యంతోనే 2012 ఆగస్టులో భర్త శేషగిరితో పెరూ రాజధాని లీమా చూడ్డానికి వెళ్లింది.

ఊరంతా తిరనాళ్లలా ఉంది. పాత చౌకులో బ్యాండు మేళం, చెక్క బాల్కనీల కింద మొక్కజొన్న కంకులు అమ్మే ఆడవాళ్లు. ఎండ మాత్రం లేదు. ఆకాశం తడిబూడిదలా నెత్తిమీదకు వంగి ఉంది.

ఒక హోటల్లో కూర్చున్నారు. అడక్కుండానే సర్వర్ ఆమె ముందు పాలు లేని కాఫీ, పక్కన నిమ్మబద్ద పెట్టాడు. ఆమె అలాగే తాగుతుందని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. ఇంతలో పక్క బల్ల దగ్గరి ముసలావిడ లేచొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వచ్చావా, రోసా."

ఆవిడ కూతురు రోసా ముప్పై ఏళ్ల కిందట ఈ చౌకుకే బయల్దేరి మళ్లీ ఇల్లు చేరలేదట. తాను రోసాను కాననీ, టెక్సస్ నుంచి వచ్చాననీ కృష్ణవేణి మెల్లగా చెప్పింది.

"పోయినేడూ ఇదే మాట అన్నావు," అంది ముసలావిడ నవ్వుతూ.

పిచ్చిదేమోనని శేషగిరి సర్వర్ వైపు చూశాడు. సర్వర్ తలూపాడు. నిజమేనట, పోయినేడు కృష్ణవేణి ఇదే కుర్చీలో కూర్చుందట. ఇండియా, అమెరికా తప్ప కృష్ణవేణి అంతవరకు ఇంకే దేశమూ ఎరగదు.

ముసలావిడ సంచీలోంచి రోసా పాత ఫొటో తీసింది. పెళ్లినాటి కృష్ణవేణి ముఖమే అందులో ఉంది. లేవబోయిన కృష్ణవేణి ముసలావిడ ముఖం చూసి ఆగిపోయింది. అరగంట సేపు ఆవిడ చెయ్యి వదల్లేదు. వెళ్లేటప్పుడు, మళ్లీ వస్తానంది.

మరుసటి ఆగస్టులో ఆమె ఒక్కతే టికెట్ బుక్ చేసుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం అంత దూరమెందుకని శేషగిరి అడిగాడు.

"వస్తానని చెప్పానండీ. ఆవిడ వెయిట్ చేస్తూ ఉంటుంది."

హోటల్లో ముసలావిడ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఏదని కృష్ణవేణి అదే సర్వర్‌ని అడిగింది.

"ఇప్పుడే వెళ్లారు. కూతురొచ్చి తీసుకెళ్లింది," అంటూ అతను తలెత్తి ఆమె ముఖం చూశాడు. చేతిలో ట్రేతో అలాగే రెండడుగులు వెనక్కి వేశాడు.

మూడు రోజులు వరసగా వెళ్లినా ముసలావిడ మళ్లీ కనబడలేదు. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ కృష్ణవేణి షాపుల అద్దాల వైపు చూడకుండానే నడిచింది.