చొప్ప మిషన్ నోరు

పత్తికొండకు పడమరగా ఉన్న ఒక ఊరి హైస్కూల్లో శివకుమారి పదకొండేళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతోంది. ఆమె నేత పనివాళ్ల ఇంటి పిల్ల. చిన్నప్పుడు ఎమ్మిగనూరులో నాన్న మగ్గం పక్కన కూర్చుని, తెగిన పోగును వేళ్లతోనే వెతికి పట్టుకునేది. ఆ అలవాటు పాఠంలోకీ వచ్చింది. తొమ్మిదో తరగతి వాళ్ల చేత వారానికి రెండు పీరియడ్లు పుస్తకాలు మూయించేది. "మీ ఇంట్లో ఏ పని ప్రాణం మీదికొస్తోందో చూసి రండి. దానికో ఉపాయం గీయండి, అట్టతో చేయండి. విరిగితే మళ్లీ చేయండి" అనేది. పిల్లలకు అంతకంటే ఇష్టమైన పీరియడ్ లేదు.

నిరుడు నవంబరులో హంపమ్మ అనే అమ్మాయి ఒక అట్టబొమ్మ తెచ్చింది. పశువుల మేతకు జొన్నచొప్పను ముక్కలు చేసే కరెంటు మిషన్ అది. దాని నోటి దగ్గర ఒక పలకను, సైకిల్ బ్రేకు తీగతో స్విచ్ మీటకు కట్టింది.

"చెయ్యి ఈ పలకకు తగిల్తే కరెంటు ఆగిపోతాది మేడం. మా అమ్మ దినామూ దీంట్లోనే చొప్ప ఏస్తాది."

నాలుగు రోజుల్లో జిల్లా సైన్సు ప్రదర్శన. ఉమామహేశ్ జట్టు చేసిన గంట, నీళ్ల ట్యాంకు నిండినా మోగనంటోంది. శివకుమారి తీగలు అతికిస్తూ తల కూడా సరిగ్గా ఎత్తలేదు.

"బాగుంది హంపమ్మా. ప్రదర్శన అయిపోనీ, చూద్దాం. బీరువా మీద పెట్టు."

ప్రదర్శనలో ట్యాంకు గంటకు రెండో బహుమతి వచ్చింది. ఆ తర్వాత పరీక్షలు, పేపర్లు దిద్దడం. బీరువా మీద బొమ్మకు దుమ్ము పట్టింది.

జనవరిలో ఒక మంగళవారం హంపమ్మ బడికి రాలేదు. ఇంటర్వెల్ వేళకు సంగతి తెలిసింది. వాళ్లమ్మ సుంకులమ్మ కుడిచెయ్యి చొప్ప మిషన్లో పడిందట. కర్నూలుకు తీసుకుపోయారు. మణికట్టు పైదాకా తీసేయాల్సి వచ్చింది.

శివకుమారిని ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసింది ఇద్దరికే, ఆమెకూ హంపమ్మకూ. హంపమ్మ బడి మానేసింది.

అప్పటినుంచి శివకుమారికి క్లాసులో ఒక మాట నోట రావడం మానేసింది. జవాబు తెలిసినవాళ్లు చేతులెత్తండి అనబోయి ఆగిపోయేది. ఒకసారి పొరపాటున అంది. ముప్పై చేతులు లేచాయి. ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. ఇంట్లో మిక్సీ వేస్తే, రాయి తగిలినట్టు దాని గొంతు ఒక్కసారి మారేది. వెంటనే స్విచ్ ఆపేది. రోట్లో నూరుకోవడం మొదలుపెట్టింది. సైన్సు గదిలో బీరువా వైపు వీపు పెట్టి నిలబడేది. అయినా ఆ బొమ్మ వెనక నుంచి చూస్తున్నట్టే ఉండేది.

మార్చిలో ఇక ఉండబట్టలేక బొమ్మను దించి, సంచిలో పెట్టుకుని, సాయంత్రం హంపమ్మ ఇంటికి వెళ్లింది.

సుంకులమ్మ ఎడమచేత్తో మంచం మీద దుప్పటి సర్దింది. "కూచో మేడం. మా పాప ఎప్పుడూ నీ పేరే చెప్తాంటాది."

శివకుమారి కూర్చోలేదు. బొమ్మ తీసి చూపించి, నవంబరులో జరిగినదంతా చెప్పేసింది. గడప దగ్గర హంపమ్మ తల వంచుకుని నిలబడింది.

సుంకులమ్మ ఎడమచేత్తో బొమ్మ పలకను నొక్కి చూసింది. "ఈ మాట నాకు చెప్పలేదే పాపా" అంది కూతురితో. తర్వాత మేడం వైపు తిరిగింది. "అయితే ఇప్పుడు చేయండి. పక్కింటి గిడ్డమ్మ కూడా ఆ మిషన్లోనే ఏస్తాండాది."

మరుసటి వారం నుంచి పుస్తకాలు మూసే ఆ చేతిపని పీరియడ్‌కు హంపమ్మ వచ్చేది. వెల్డింగ్ షాపు మద్దయ్య పాత చొప్ప మిషన్ ఒకటి బడికి తెచ్చిచ్చాడు. పిల్లలు పలక బిగించారు. చేతి తొడుగులో చొప్ప కూరి మిషన్ నోట్లోకి తోశారు. పలక కదిలింది, కరెంటు ఆగింది. చక్రం మాత్రం ఆ ఊపుకు ఇంకా తిరుగుతూనే ఉంది. తొడుగు వేళ్లు తెగి అవతల పడ్డాయి.

హంపమ్మ వంగి ఆ గుడ్డవేళ్లు ఏరింది.

"నా బొమ్మ చేసుండినా అమ్మ చెయ్యి పోయేదే మేడం" అంది మెల్లగా.

ఆ మాట మేడంను ఊరడించడానికే అంది. శివకుమారికి మాత్రం అది ఇంకా లోతుకు దిగింది. ఆ రోజు ఒక్క గంట కూర్చుని ఉంటే ఈ తప్పు ఆ రోజే బయటపడేది. ఇంకో దారి వెతికేవాళ్లు.

పిల్లలు సుంకులమ్మను బడికి పిలిచారు. ఆమె మిషన్ ముందు నిలబడి ఎడమచేత్తో చూపించింది. "తోసేటప్పుడు ఏం కాదప్పా. చొప్ప ఇరుక్కుంటాది సూడు, దాన్ని ఎనక్కి లాగాలని లోపలికి పెడ్తాం. అప్పుడే పట్టుకుంటాది."

అంతవరకూ ఎవరూ ఆమెను అడగలేదు.

ఇక పలక వదిలేశారు. నోటి ముందు చొప్ప పెట్టి తోసే రేకు దోనెను చేతికంటే పొడుగు చేసి, పైన మూత వేశారు. లోపలికి ఎంత చాచినా వేళ్లు కత్తిదాకా పోవు. ఇరుక్కున్న చొప్పను వెనక్కి తోసేందుకు బయట ఒక మీట పెట్టారు. మొదటి దోనె వంగిపోయింది. రెండోదాంట్లో చొప్ప అడ్డం తిరిగింది. మూడోది నిలిచింది. తొడుగును ఇరవైసార్లు తోశారు. ఇరవైసార్లూ వేళ్లు మిగిలాయి.

జూన్‌లో హంపమ్మ పదో తరగతిలో చేరింది. అదే నెలలో మద్దయ్య హంపమ్మ వాళ్లింటి మిషన్‌కు దోనె బిగించాడు. శివకుమారి కూడా వెళ్లింది. గిడ్డమ్మ చొప్ప తీసుకుని ముందుకొచ్చింది. సుంకులమ్మ ఆమెను ఆపింది.

"ముందు నేనేస్తా."

భర్త శేషన్న వద్దన్నాడు. ఆమె వినలేదు. ఎడమ చంకలో కట్ట ఇరికించుకుని మిషన్ ముందు నిలబడింది. హంపమ్మ స్విచ్ వేసింది.

శివకుమారి గోడవైపు తిరిగిపోయింది. సున్నం పెచ్చులూడిన గోడ అది. మిషన్ రొద గోడలోంచే వస్తున్నట్టుంది. చొప్ప పడుతున్న కొద్దీ గొంతు మారుతోంది. మధ్యలో ఒకసారి చొప్ప ఇరుక్కుని మిషన్ మూలిగింది. మీట చప్పుడైంది. మళ్లీ సాగింది.

"ఇట్ల తిరుగు మేడం, బాగుండాది" అని సుంకులమ్మ పిలిచింది.

శివకుమారి విన్నది. తిరగాలనే అనుకుంది. కట్ట అయిపోయి, స్విచ్ ఆపి, చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆమె గోడనే చూస్తూ ఉండిపోయింది.